చప్పుడు చేయని డబ్బా

అక్కా,

చరిత్ర నన్ను ఎలాగూ క్షమించదు, కనీసం నువ్వైనా క్షమించు. నీ పరువు, బావ మనశ్శాంతి, నా ఇంజనీరింగ్ పట్టా మూడింటినీ ఒకేసారి గంగలో కలిపానని తలవంచి ఒప్పుకుంటున్నాను.

నువ్వు ట్రైనింగుకు వెళ్తూ, నీ పాఠాల వీడియోలు కుదించి దాచి, పిల్లల ఫోన్లకు పంపే కంప్యూటర్ ఇంట్లో పెట్టమన్నావు. "గుయ్ గుయ్‌మంటే కిటికీలోంచి గిరాటేస్తా" అన్నాడు బావ. అందుకని చెప్పుల పెట్టెంత డబ్బాలో, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్ బిగించి, ఊపిరైనా వినపడకుండా తయారుచేశాను. కొంప మునిగింది అక్కడే.

బావ వచ్చినప్పుడల్లా దానికి చెవి ఆనించి, "చచ్చిందిరా బామ్మర్దీ!" అంటూ బటన్ నొక్కేవాడు. నడుస్తున్నది కాస్తా ఆగిపోయేది.

"బతికే ఉంది బావా, ముట్టుకోకు!"

"బతికుంటే మూలగదేం?"

పిల్లల పరీక్షలు నెత్తిమీదికొచ్చినా ఒక్క పాఠమూ పూర్తికాలేదు.

ఇప్పుడు అన్నీ వాళ్లకు చేరాయి. "నేను వేళకు నొక్కబట్టి గానీ..." అని బావ వీధంతా చెప్పుకుంటున్నాడు, ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. నువ్వూ అవుననే అను. నేను చేసిందల్లా ఒకటే: డబ్బా విప్పి, ఆ బటన్ తీగ పీకేశాను.

నీ తమ్ముడు