ఇంటి సైగలు

మార్చి 3, సోమవారం. ఉదయం 10:20

అక్క డిస్క్ ఓపెన్ కావడం లేదు. కేబుల్ మార్చాను. పోర్ట్ మార్చాను. పక్క సీటు కంప్యూటర్‌కి పెట్టి చూశాను. ఏదో ముక్కూమొహం తెలియని పేరు చూపిస్తోంది. పక్కన సైజు: సున్నా.

మధ్యాహ్నం 1:00

పదకొండు సార్లు పెట్టి తీశాను. సున్నా.

మార్చి 4, మంగళవారం

రాస్తే కాస్త బుర్ర తేటపడుతుందేమో.

అక్క చెవిటి పిల్లల బడిలో టీచర్. పిల్లలు ఐదారేళ్లకి అక్కడికొస్తారు. అప్పటిదాకా వాళ్లకి ఎవరూ ఏ భాషా నేర్పి ఉండరు. అలాగని ఊరుకుంటారా? అమ్మతో మాట్లాడటానికి ఎవరి సైగలు వాళ్లే కనిపెట్టుకుంటారు. ఒకడికి చెవి తమ్మె లాగితే పాలు. ఒకమ్మాయికి మోచెయ్యి తడితే తాతయ్య, ఎందుకో ఆ పిల్లకే తెలియాలి. బడిలో అందరి సైగల భాషా వచ్చేశాక ఏడాది తిరక్కుండానే ఇవన్నీ మర్చిపోతారు. అందుకని పిల్లలు చేరిన మొదటి వారంలోనే అక్క వాళ్లని కూర్చోబెట్టి వీడియో తీస్తుంది. ఆరేళ్లుగా తీస్తోంది. 1,840 వీడియోలు. ఎవరి సైగ, అర్థం ఏమిటి, అంతా ఫైల్ పేరులోనే ఉంటుంది. ఎడిటింగ్ నాది. దాచడం నాది.

రెండు చోట్ల పెట్టావు కదే అని అక్క ఒకసారి అడిగింది. పెట్టానన్నాను. అప్పటికి అది నిజమే. ఫిబ్రవరిలో పరుపుల కంపెనీ ప్రకటన పని వచ్చింది. చోటు చాలక రెండో డిస్క్ ఫార్మాట్ చేసేశాను. ఆదివారం కొత్తది కొందాంలే అనుకున్నాను. రెండు ఆదివారాలు పోయాయి.

ఆరేళ్ల అక్క కష్టం మీద పరుపులు పరిచాను.

మార్చి 6, గురువారం

డేటా రికవరీ ల్యాబ్‌కి వెళ్లాను. పేరు ల్యాబే గానీ రెండు గదులు. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నారు. నా మనసులో ఆయన పేరు భూతద్దం గారు.

ముందు రెండో డిస్క్ సంగతి అడిగారు. దాని మీద వేరేవి నిండా రాసేశాక అది మర్చిపోవడమే మంచిదన్నారు. తర్వాత, చెడిందని తెలిశాక ఇదెన్నిసార్లు పెట్టి చూశావమ్మా అని అడిగారు. రెండు మూడు సార్లు అన్నాను. ఆయన నా వంక చూశారు. పదకొండు అన్నాను.

ఇందులో తిరిగే చక్రాలేం ఉండవట. వీడియోలు చిప్‌లలో బాగానే ఉండొచ్చు. కానీ ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకునే కంట్రోలర్‌కి మతి పోయింది. చిప్‌లు పీకి వేరే దాంట్లో పెడితే కుదరదా అని అడిగాను. కుదరదమ్మా, ఆ రాత దాని తాళంతోనే తెరుచుకుంటుంది, దాన్నే బతిమాలి లేపాలి అన్నారు. లేవకపోతే? ఆయన రసీదు రాశారు.

మార్చి 7, శుక్రవారం

అక్క ఫోన్. కొత్తగా వచ్చిన పిల్లాడి వీడియోలు పంపుతానంది. సరే పంపు అన్నాను. నా గొంతు మామూలుగానే పలికింది. దానికే ఎక్కువ అసహ్యం వేసింది.

మార్చి 12, బుధవారం

భూతద్దం గారు ఫోన్ చేశారు. డిస్క్ బోర్డు మీద రెండు లోహపు చుక్కలు కలిపి పట్టుకుంటే అది ఒక్క క్షణం కళ్లు తెరిచిందట. మళ్లీ మూసింది. ఆశ పెట్టుకోవద్దు, వదులుకోనూ వద్దు అన్నారు. ఇదేం మాట?

సాయంత్రం బడికి వెళ్లి అక్కకి చెప్పేశాను. పరుపులతో సహా. అక్క నల్లబల్ల తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచింది. అరుస్తుందనుకున్నాను. నువ్వు వెళ్లవే అంది. అంతే.

మార్చి 13

ఫోన్ ఎత్తలేదు.

మార్చి 16, ఆదివారం

బావ ఎత్తారు. మీ అక్క అన్నం తింటోంది, నిద్రపోతోంది, నీ పేరు మాత్రం ఎత్తడం లేదమ్మా, కొన్నాళ్లు ఆగు అన్నారు. పాపం ఆయన నన్ను ఓదార్చాలో తిట్టాలో తేల్చుకోలేక వాతావరణం గురించి మాట్లాడారు.

మార్చి 19, బుధవారం

డిస్క్ లేచింది!

ల్యాబ్ మెషిన్ తొమ్మిది గంటలు ఆగకుండా దాన్ని చదివిందట. 1,127 వచ్చాయి. 713 పోయాయి. వచ్చిన వాటికీ పేర్లు లేవు, ఉత్త నంబర్లు. ఎవరి సైగో, ఏమిటో, ఏమీ లేదు. భూతద్దం గారు ఒక వీడియో ఆడించి చూపించారు. గళ్ల గౌను పిల్ల, చెంప మీద వేలు తిప్పుతోంది. ఇదేంటమ్మా, స్వీటా అని అడిగారాయన. తెలియదండీ అని ఆయన ముందే ఏడ్చేశాను. ఆయన లేచి ఫ్యాన్ వేశారు.

అక్కకి మెసేజ్ పెట్టాను. లెక్క దాచలేదు.

మార్చి 22, శనివారం

ఉదయం తొమ్మిదికి అక్క నా గదికి వచ్చింది. చెప్పులు విప్పి, నా కుర్చీలో కూర్చుని, పెట్టు అంది. సాయంత్రానికి నూట నలభై గుర్తుపట్టింది. గళ్ల గౌను పిల్లది స్వీటు కాదు, వాళ్ల పిన్ని. పిన్ని బుగ్గకి సొట్ట ఉందట.

నడుమ ఒక్కసారి ఆగి నాతో అంది: నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు. ముందు ఇది పూర్తి కానీ.

సరే అన్నాను. ఇంకేమంటాను!

మార్చి 30, ఆదివారం

పోయిన వాటి కోసం అక్క తల్లులకి కబురు పెట్టింది. పిల్లలు మర్చిపోయినా తల్లులు మర్చిపోరు కదా అని. ఈరోజు ఒకావిడ వచ్చింది, లాండ్రీలో ఇస్త్రీ పని. వెంట పదకొండేళ్ల కూతురు. ఆ పిల్లవి తొమ్మిది సైగలు, తొమ్మిదీ పోయాయి. అమ్మ కెమెరా ముందు కూర్చుని ఒక్కోటీ చేసి చూపిస్తోంది. కూతురికి సిగ్గు. అవి పసిపిల్లల వేషాలు, నాకేం గుర్తులేవు అని అక్కకి సైగ చేసి గోడవైపు తిరిగింది.

అమ్మ ఆరోది చేసింది. రెండు వేళ్లు తన మణికట్టు మీద నడిపించి, నువ్వు పని నుంచి ఎప్పుడొస్తావు అని దాని అర్థమంది.

పిల్ల ఓరకంట చూస్తూనే ఉందేమో, గభాలున తిరిగింది. అలా కాదంటూ అమ్మ చెయ్యి పట్టుకుని, తన వేళ్లని ఆ మణికట్టు దగ్గర ఆపకుండా మోచెయ్యి దాకా, భుజం దాకా, మెడ దాకా నడిపించింది. అక్కడ తన తల ఆనించింది.

ఆవిడ కళ్లు తుడుచుకోను కూడా లేదు. ఇన్నాళ్లూ సగమే అర్థమైంది నాకు అంది.

కెమెరా ఆన్‌లోనే ఉంది. రికార్డవుతోందా అని చూశాను, రెండు సార్లు చూశాను. అక్క కూడా నా భుజం మీదుగా వంగి చూసింది. చెయ్యి నా వీపు మీదే ఉంచింది.

ఏప్రిల్ 6, ఆదివారం

నంబర్ 412 ఎవరిదో ఇంకా తేలలేదు. ఒక బుడ్డోడు ముక్కు మీద గుప్పిట పెట్టుకుని, ఊది, వదిలేసి నవ్వుతాడు. కాఫీ ఇస్తుంటే అక్కకి ఆ సైగ చేశాను. అక్క కప్పు కింద పెట్టి నాకు తిరిగి చేసింది. ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ తెలియదు.