ఎత్తు పెంచిన బండి

ప్రియమైన చిన్నోడికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం, దాంట్లో పెట్టిన ఫొటో అందాయి. బండి పక్కన దర్జాగా నిలబడ్డావు, బాగానే ఉంది. కానీ ఆ టైరు నీ నడుము దాటి ఉందేమిట్రా? అది బండా, మేడా? ఎక్కాలంటే నిచ్చెన కూడా నువ్వే ఇస్తావా?

అంత ఎత్తు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. స్ప్రింగుల కింద దిమ్మెలు పెట్టి లేపితే పైన బాడీ లేస్తుంది గాని కింద ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. రాయి తగిలేది ఇరుసుకే. "అందుకే పెద్ద టైరు వేశా" అంటావు. వేస్తావు సరే. బరువు పైకి పోయాక వంపులో బండి ఒరుగుతుంది, బ్రేకు తొక్కితే తాపీగా ఆగుతుంది, ఎత్తుకు లాగడానికి ఇంజను రొప్పుతుంది. సంతలో ప్రదర్శనకు పెట్టుకునేవాళ్లకు పరవాలేదు. నాలాంటిదానికి పనికిరాదు.

నా పని నీకు తెలిసిందే. కొండ కింద ఆసుపత్రి నుంచి పై ఊళ్లకు మందుల్ని, నర్సమ్మను మోసుకెళ్లడం, నడవలేని రోగుల్ని కిందికి తేవడం. ఇన్నేళ్లుగా నా పాత బండి మామూలు ఎత్తుతోనే నెట్టుకొస్తోంది. రాళ్లమీద టైర్లలో గాలి కాస్త తగ్గిస్తాను, ఏ రాయి ఎక్కాలో ఏది తప్పించాలో దిగి చూసుకుంటాను. అంతే.

మా నర్సమ్మకు నీ ఫొటో చూపించాను. ఆవిడ నా భుజం దాకా కూడా రాదు. అందరూ పొట్టి సిస్టర్ అంటారు, తనూ అలాగే చెప్పుకుంటుంది. ఫొటో చూసి, "మీ తమ్ముడు మనుషుల కోసం కట్టాడా, ఒంటెల కోసమా?" అంది. నీకు చెప్పమంది కూడా.

ఇక్కడ ఫోను పలకదు. తపాలా బండి వచ్చినప్పుడే నీ కబుర్లు. పెద్ద ఉత్తరం రాయి.

ప్రేమతో,
మీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. మా కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. "మీ అక్కగారు ఇంకా ఎడ్లబండి కాలంలోనే ఉన్నారండీ" అన్నాడు వెల్డరు. నేను తిట్టాననుకో.

నువ్వు చెప్పినవన్నీ నిజమే, కాదనను. కానీ సగమే చెప్పావు. పెద్ద టైరు వేస్తే ఇరుసు కూడా లేస్తుంది. ఆ టైరు ఒరుసుకోకుండా తిరగడానికి చోటు కావాలి, ఆ చోటు కోసమే ఎత్తు. బురదలో చిన్న టైరు దిగిపోతుంది, పెద్దది పాకుతుంది. నీళ్లలో సంగతి చెప్పనే అక్కర్లేదు. వానాకాలం వాగు పొంగితే నీ పాత బండి ఒడ్డున నిలబడి చూడటమే కదా? నువ్వే రాశావు పోయిన ఏడు, నీళ్లు తగ్గేదాకా ఆగాల్సి వచ్చిందని, అవతల జ్వరంతో పిల్లాడు ఉన్నాడని. మర్చిపోయావా?

నాన్న దగ్గర నువ్వు స్టీరింగు నేర్చుకున్నావు, నేను స్పానరు పట్టాను. ఆయన ఎప్పుడూ నీ చేతినే మెచ్చుకునేవాడు. నా చేతి పనిని నువ్వైనా ఒకసారి నడిపి చూడాలని నా కోరిక. అది తీరబోతోంది. మీ పెద్ద డాక్టరుగారు మొన్న నా షెడ్డుకొచ్చారు. ఎవరో నా పేరు చెప్పారట. కొత్త బండి ఒకటి కట్టమన్నారు, మీ కొండకే. నీకు ముందుగా చెప్పొద్దని నేనే ఆయన్ని బతిమాలాను. మళ్లీ కడుపులో దాచుకోలేక ఇప్పుడు రాసేస్తున్నాను.

కోప్పడకు. చూశాక నువ్వే మెచ్చుకుంటావు.

ఇట్లు,
నీ చిన్నోడు

*

తమ్ముడికి,

బండి వచ్చింది. డాక్టరుగారు పూలదండ వేయించి, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. తాళాలు నా చేతిలో పెట్టి, "మీ తమ్ముడే కట్టాడమ్మా, ఇక మీకు తిరుగులేదు" అన్నారు. అందరూ నా ముఖం చూస్తున్నారు. నవ్వాను. అంతకంటే ఏం చేయను?

నడిపేది నేను. కట్టేముందు ఒక్క మాట నన్ను అడగాలని మీ ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. పాత బండిని వెనక షెడ్డులోకి తోసేశారు.

న్యాయం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నీ పనిలో వంక లేదు. ఎక్కడా చప్పుడు లేదు, అతుకులన్నీ శుభ్రంగా ఉన్నాయి. బురదలో నిజంగానే పాకుతోంది. వంపుల్లో మాత్రం నా ప్రాణం గుప్పిట్లో ఉంటోంది. రోగిని పడుకోబెట్టి దిగేటప్పుడు మరీను.

అసలు ఇబ్బంది అది కాదు. ఈ బండి ఎక్కడమే ఒక యుద్ధం. నడుము విరిగిన ముసలాయన్ని మొన్న ఎక్కిస్తే ఆయన కేకలకు ఊరంతా బయటికి వచ్చింది. మా పొట్టి సిస్టర్ రెండు చేతులతో తలుపు పట్టుకుని, మోకాలు ఆనించి, పాకి ఎక్కుతోంది. దిగేటప్పుడు కళ్లు మూసుకుని దూకుతోంది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు.

నాకు రెండు పనులు చేసి పెట్టు. ఎత్తు సగానికి దించు, దానికి తగ్గ టైర్లు వెయ్యి. పక్కనా వెనకా మెట్లు బిగించు. బండిని ఎప్పుడు పంపమంటావో రాయి.

అక్క

*

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వంక లేదంటూనే ఎన్ని వంకలు పెట్టావో లెక్క చూసుకున్నావా?

ఎత్తు దించితే అది నా బండి కాదు. దించమని డాక్టరుగారు అడగలేదు. ఆయనకు నచ్చింది. మెట్ల సంగతి నాకు తెలుసు. మొదట పెట్టాను, నేనే తీసేశాను. కిందికి వేలాడే మెట్టు మొదటి రాయికే వంగి టైరులో ఇరుక్కుంటుంది. మడిచే మెట్లు ఉన్నాయి, అవి తెప్పించాలంటే ఆలస్యమయ్యేది. ఆయన తొందరపెట్టారు. పైగా మెట్లుంటే బండి వాలకమే పోతుంది. ఎవరూ ఫొటో తీసుకోరు.

సిస్టరుగారికి ఒక పీట వేసుకోమను. అంత చిన్న సంగతికి బండిని షెడ్డుకు పంపుతావా?

నాకు తెలుసక్కా, నీ బాధ మెట్టు గురించి కాదు. తమ్ముడు కట్టిన బండి బాగుందని నలుగురూ అంటుంటే నీకు మింగుడు పడటం లేదు. వానలు రానీ. ఆ వాగు దాటాక రాయి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఉంటాను,
తమ్ముడు

*

తమ్ముడికి,

చాలా రోజులుగా నీకు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

వానలు వచ్చాయి. పై ఊళ్లో ఒకామెకు నొప్పులు మొదలై, బిడ్డ అడ్డం తిరిగిందని కబురొచ్చింది. నేనూ సిస్టరూ వెళ్లాం. వెళ్లేటప్పుడు వాగు బాగానే ఉంది. తిరిగి వచ్చేసరికి పొంగింది. నీళ్లు ఎర్రగా, కొమ్మల్ని దొర్లించుకుంటూ పోతున్నాయి. వెనక ఆమె అరుస్తోంది. సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకుని, సెలైను సీసా పైకెత్తి పట్టుకుని కూర్చుంది. నా వంక చూసి, "ఆగితే ఇద్దరూ దక్కరు. మీకు దాటగలమనిపిస్తే పోనివ్వండి" అంది.

పోనిచ్చాను. పాత బండయితే ఆ నీళ్లలో నడిమధ్యన ఆగిపోయేది. నీ బండి దాటింది. ఒక్కసారి కూడా ఇంజను తడబడలేదు. తల్లీ బిడ్డా బతికారంటే ఈ బండి వల్లే. ఈ మాట నిన్ను సంతోషపెట్టడానికి రాయడం లేదు. నిజం కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నానికి ఆసుపత్రి చేరాం. వాన తగ్గింది. వార్డు మనుషులు ఇద్దరు పరుగున వచ్చారు. నువ్వు చెప్పినట్టే సిస్టర్ కోసం వెనక వేసి ఉంచే పీట రోగిని దించడానికి అడ్డమైతే ఎవరో పక్కకు జరిపారు. ఎవరు జరిపారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆమెను లోపలికి తీసుకుపోయారు. సిస్టర్ ఆఖరున దిగింది. ఒక చేతిలో అయిపోయిన సీసా, ఇంకో చెయ్యి తలుపు మీద. వెనక్కి తిరిగి, రోజూ పీట ఉండే చోట కాలు పెట్టింది. అక్కడ ఏమీ లేదు.

వసారా సిమెంటు అంచు ఆవిడ తలకు తగిలింది.

నేను పరుగెత్తేసరికి కళ్లు తెరిచే ఉంది. "నాకేం కాలేదు. లోపల ఆమెను చూడండి" అంది. కాసేపటికి మాట తడబడింది. పట్నం ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. ఆవిడను మళ్లీ ఆ బండిలోకే ఎత్తాం. అంత చిన్న మనిషిని ఎత్తడానికి నలుగురం పట్టాం. దారిలోనే పోయింది.

మనం వంపుల గురించి పోట్లాడుకున్నాం, వాగుల గురించి పోట్లాడుకున్నాం. ఆవిడ పోయింది ఆగి ఉన్న బండి దిగుతూ.

డాక్టరుగారు వానకు జారిపడిందని రాసుకున్నారు. ఆవిడ తల్లి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు అంచుకు కాలు అందుతుందేమో చూసింది. అందలేదు. వెళ్లిపోయింది.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు షెడ్డు మూసేశాను. అన్నం సహించలేదు.

పీట వేసుకోమని నేనే రాశాను కదా. ఆ మాట తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. మెట్లు పట్టుకుని నేనే వస్తాను. ఎత్తు కూడా నువ్వు చెప్పినంతే దించుతాను. ఆ తల్లి దగ్గరికి నన్ను తీసుకెళ్లు, కాళ్ల మీద పడతాను.

ఇక ఒక్క బండి కూడా ఎత్తు పెంచను. నాన్న మీద ఒట్టు. మామూలు రిపేర్లు చేసుకుని బతుకుతాను. నువ్వు నమ్మాలి.

రమ్మని ఒక్క ముక్క రాయి, బయల్దేరతాను.

నీ
చిన్నోడు

*

తమ్ముడికి,

రమ్మని రాశాను. నువ్వు రాలేదు. పనులున్నాయేమో అనుకున్నాను. ఆ తర్వాత మళ్లీ రాశాను. దానికీ జవాబు లేదు. ఒంట్లో బాగాలేదేమోనని దిగులు పడ్డాను కూడా.

ఈరోజు పొద్దున రెండు కొత్త బండ్లు వచ్చాయి. అదే ఎత్తు, అవే టైర్లు. మడిచే మెట్లు మాత్రం ఉన్నాయి, మెరుగు పెట్టినవి. డాక్టరుగారు చాలా సంతోషించారు. బండ్లు తెచ్చిన డ్రైవర్లలో ఒకడు కుర్రవాడు, మాటకారి. టీ తాగుతూ మీ షెడ్డు కబుర్లన్నీ చెప్పాడు. పని చేతినిండా ఉందట, పక్క స్థలం కూడా తీసుకున్నావట. గేటు మీద పెద్ద బోర్డు పెట్టారట. ఒక కొండ డ్రైవరమ్మ రాసిన మాటలట, దారిన పోయేవాళ్లంతా ఆగి చదువుతున్నారట. వాడికి నోటికి వచ్చేసింది. "పాత బండయితే ఆ నీళ్లలో నడిమధ్యన ఆగిపోయేది. తల్లీ బిడ్డా బతికారంటే ఈ బండి వల్లే."

అక్కడితో ఆగిందా అని అడిగాను. అంతేనండి, ఇంకా ఏమైనా ఉందా అన్నాడు.

బోర్డు ఆలోచన నీది కాకపోవచ్చు. ఎవరో చెప్పి ఉంటారు, నువ్వు ఊఁ అని ఉంటావు. మెట్లు పెట్టాను కదా, ఇంకేం తప్పు అని నీకు నువ్వు సర్ది చెప్పుకుని ఉంటావు. నువ్వు అబద్ధం రాయించలేదు. ఆ మాటలు నావే, నిజమే. నాకు నోరెత్తే దారి లేకుండా చేశావు.

నేను కొండ పని మానేస్తున్నాను. కింద చదును రోడ్డు మీద మందులు తోలే వ్యాను ఇమ్మని అడిగాను, ఇచ్చారు. ఈ కుర్రాళ్లకు వంపులు చూపించి దిగిపోతాను. ఎక్కడికో నీకు రాయను. నువ్వూ రాయకు.

వెళ్లబోతూ ఆ కుర్రవాడు అడిగాడు, "ఈ బండ్లు కట్టినాయన మీకు తెలుసాండీ?" అని.

తెలియదన్నాను.

ఇక సెలవు.
డ్రైవరు