గుచ్చి గుచ్చి అడిగితే

ప్రియమైన అమ్మకు,

నేను బాగున్నాను. మనస్తత్వశాస్త్రంలో నా పరిశోధనకు అంశం ఎంచుకోవడానికి వచ్చే నెలాఖరు వరకే గడువు. మా గైడు మేడమ్ రెండు చెప్పారు. ఫోన్ మోగుతుంటే చదివేవాళ్ల దృష్టి ఎంత చెదురుతుందన్నది ఒకటి. పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ అడిగితే పిల్లలు జరగనిదాన్ని కూడా చూశామంటారా అన్నది రెండోది. నా మనసు రెండోదాని మీదే ఉంది.

నాకు ఆరేళ్లప్పుడు మన టైలరింగ్ షాపులో ఎవరిదో కోటు గుడ్డ పోయింది కదా. పిన్ని దాన్ని తన సంచిలో పెట్టుకోవడం చూశానని నేను చెప్పాను. ఆరోజు నన్ను ఎలా అడిగావు? ఫోన్‌లో అడిగితే మాట దాటేస్తావని రాస్తున్నాను.

నీ చిట్టి

నా చిట్టితల్లికి,

ఫోన్ అంశం బాగుంది, అదే తీసుకో.

పదహారేళ్లు ఊరుకుని ఇప్పుడు ఈ ఆరా ఏమిటి? పిన్ని నీ చెవిలో ఏదో ఊదినట్టుంది. నువ్వు చదివే ఊళ్లోనే దాని కాపురమని నాకు తెలియదనుకోకు. నిన్నెవరూ అడగలేదు. నువ్వే పరిగెత్తుకొచ్చి చెప్పావు. ఇక్కడ కాజాలు కుట్టే అమ్మాయి మానేసింది, ఊపిరాడటం లేదు. వేళకు తిను.

మీ అమ్మ

ప్రియమైన అమ్మకు,

పిన్నిని నేను కలవలేదు. ఏ మొహం పెట్టుకుని కలవను? నా మాట వల్లే కదా ఆవిడ షాపు వదిలి వెళ్లింది.

ఆ వారమంతా నా కాలికి పిండికట్టు ఉందని నాన్న అంటున్నారు. మరి ఎలా పరిగెత్తుకొచ్చాను? నాకు గుర్తున్న దృశ్యంలో కట్టే లేదు. గుమ్మంలో శుభ్రంగా రెండు కాళ్ల మీదా నిలబడి ఉన్నాను. నువ్వు ఏదో దాస్తున్నావని నా అనుమానం. ఇలా రాయడానికి బాధగానే ఉంది.

నీ చిట్టి

అమ్మకు,

మూడు వారాలైంది, జవాబు లేదు. వచ్చే శుక్రవారం అంశం రాసివ్వాలి. నువ్వు చెప్పకపోతే ఫోన్ అంశమే తీసుకుంటాను. ఇక నీ మాట మాత్రం నమ్మలేను.

చిట్టి

చిట్టీ,

నువ్వు ఏమీ చూడలేదు. ఇంట్లో మంచం మీద ఉన్నావు. నేనే అడిగాను. లేదన్నావు. అన్నం తినిపిస్తూ, జడ వేస్తూ, మూడు రోజులు గుచ్చి గుచ్చి అడిగాను. లేదన్నప్పుడల్లా మొహం తిప్పుకున్నాను. చివరికి అవునన్నావు. దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. ఆ తర్వాత సంచి రంగు కూడా చెప్పావు.

గుడ్డ ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. షాపు నాది, కానీ వచ్చినవాళ్లంతా కొలతలు పిన్నినే తీయమనేవాళ్లు. నాకు కడుపు మండేది. అదే తీసి ఉంటుందని నమ్మాలనిపించింది, నమ్మాను.

నిన్న దాని ఇంటికి వెళ్లాను. అంతా చెప్పాను. గుమ్మంలోనే నిలబడి విన్నది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"ఇన్నేళ్లూ ఆ పసిదాని మీద కోపం పెట్టుకున్నానక్కా. ఇప్పుడు ఆ కోపాన్నేం చేసుకోను?" అంది.

నీ చిరునామా రాసిచ్చాను. తీసుకుంది.

రెండో అంశమే రాసివ్వు. నీ హాస్టల్ గేటు దాకా వచ్చాను. లోపలికి రావడానికి ధైర్యం చాలక తిరుగు బస్సెక్కాను.

మీ అమ్మ