తిట్టు గాని దీవించకు, పెంటవ్వా!

నిజామాబాదు,
నవంబరు 11, 1964

ప్రభువునందు ప్రియ సహోదరి పెంటవ్వ గారికి పాస్టరు దైవసహాయం వందనములు.

మొన్న ఆదివారం మీ కొత్తకుంట వచ్చి, ఆరాధన జరిపి, రాత్రికి సంఘపెద్ద బాలన్న గారి ఆతిథ్యం పొంది, సోమవారం తొలి బస్సులో తిరిగి వచ్చాను. నేను బస్సెక్కిన కాసేపటికి మీ వీధిలో జరిగిన సంగతి బాలన్న గారు నిజామాబాదు దాకా వచ్చి మరీ చెప్పారు. చెప్పి, పోసిన చాయ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

మీ కోడి పోయిందట. మీరు నడివీధిలో నిలబడి, పిడికెడు దుమ్ము తీసి గాలిలోకి చల్లుతూ, పేరు తెలియని ఆ దొంగను బోధన్ ఫ్యాక్టరీ సైరన్ మోగేదాకా తిట్టారట. ఆ తిట్లు కొన్ని బాలన్న గారు నా చెవిలో చెప్పారు. ఒకటి రెండు నాకు అర్థం కాలేదు. అర్థమైనవే చాలు.

పెంటవ్వ గారూ, ఆరాధనలో పాట ఎత్తుకునేది మీరే. అదే నోటితో సాటి మనిషిని శపించడం క్రైస్తవురాలికి తగునా? ఆ అలవాటు మానుకున్నానని మీరు నాకు రాసేవరకు, క్రిస్మస్ నాడు ప్రభువు బల్ల దగ్గర మీకు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వలేను. ఇలా రాయడం నాకూ బాధగానే ఉంది.

మీ ఆత్మ క్షేమం కోరే,
దైవసహాయం

తా.క.: మీ ఊరి నుండి వచ్చినప్పటి నుండి నాకు ఒకటే పంటినొప్పి. ప్రార్థనలో తలచుకోండి.

-

కొత్తకుంట,
నవంబరు 16

గౌరవనీయులైన అయ్యగారికి పెంటవ్వ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. నా కోడి క్షేమమో కాదో దాన్ని తీసుకుపోయిన వాడికే తెలియాలి.

అయ్యగారూ, నేను మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివినదాన్ని. బూతు నా నోట రాదు. నేను పెట్టేది శాపనార్థాలు. ఈ ఊళ్లో అది నాకు అప్పజెప్పిన పని. మా చెరకు తోటల నడుమ పోలీసు ఠాణా లేదు. బోధన్ దాకా పోయి కోడి పోయిందంటే జమాదారు నవ్వి పంపుతాడు. అందుకే ఎవరి వస్తువు పోయినా నా గడప ముందుకు వచ్చి, "అవ్వా, జర ఒకపారి నిలవడి తిట్టు" అంటారు. హోటల్ నడిపే సిరాజ్ ఇత్తడి కెటిల్ పోతే తిట్టాను. పొద్దు గూకేసరికి అది పొయ్యి పక్కనే ఉంది. రాధాబాయి కూతురి పట్టీలు పోతే తిట్టాను. బావిగట్టు మీద దొరికాయి. ఎవరి దగ్గరా గుక్కెడు చాయ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. ఇన్నాళ్లకు నా సొంత కోడి పోయింది. నేనెవరిని పిలవాలి?

అన్నది కూడా ఇంతే: "నా నల్లకోడిని తిన్నోని పండ్లూసిపోను! వాని దవుడ వాయ! ముద్ద మింగరాక చెంప వట్టుకొని తిరుగ!" అంతకు మించి అనలేదు. అన్నా నాకు గుర్తు లేదు.

మీరే ఒకసారి ప్రసంగంలో చెప్పారు. చలిమంట దగ్గర, కోడి కూయకముందు, ప్రభువు పెద్ద శిష్యుడు కూడా, ప్రభువెవరో తనకు తెలియదని ఒట్లు పెట్టుకొని శపించాడని. అయినా ఆయన చేతిలోంచి పరలోకపు తాళాలు ఎవరూ గుంజుకోలేదు కదా. నాకు రొట్టె ముక్క కూడా లేదంటారా? ఆయన కథలోనూ కోడి ఉంది, నా కథలోనూ కోడే.

ఎదురు మాట్లాడుతున్నానని కోపం తెచ్చుకోకండి. మా ఆయన ఆశన్న పోయినప్పటి నుండి, క్రిస్మస్ నాడు ఆ బల్ల ముందు మోకరించినప్పుడు ఎడమ పక్కన కొంచెం చోటు వదులుతాను. ఆయన అక్కడ ఉన్నట్టే ఉంటుంది నాకు. ఏడాదికి ఆ ఒక్క పూట. అది పోతుందంటే భయమవుతోంది. ఏం చెయ్యమంటారో రాయండి, చేస్తాను.

ఇట్లు,
మీ సంఘబిడ్డ పెంటవ్వ

తా.క.: పంటికి లవంగం పెట్టుకోండి. నల్లకోడి పిల్లలు తల్లి కోసం పొద్దంతా అరుస్తున్నాయి. వాటికి ఏం చెప్పి ఊరుకోబెట్టాలో అది కూడా రాయండి.

-

నిజామాబాదు,
నవంబరు 20

సహోదరి పెంటవ్వ గారికి వందనములు.

ఆ శిష్యుడు శపించాక బయటికి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. మీరు హోటలుకు వెళ్లి చాయ తాగారట. తేడా మీరే గమనించగలరు.

ఏం చెయ్యాలని అడిగారు కనుక సంతోషం. కీడు చేసినవారిని దీవించమన్నాడు ప్రభువు. కాబట్టి అదే వీధిలో, అదే చోట నిలబడి, ఆ దొంగను నోరారా దీవించండి. ఎంత గట్టిగా తిట్టారో అంత గట్టిగా. ఫలితం చూసి నాకు రాయండి. మీ బల్ల సంగతి అప్పుడు ఆలోచిద్దాం.

ప్రభువు సేవలో,
దైవసహాయం

తా.క.: లవంగం పని చెయ్యలేదు. ఎడమ దవడ వాచింది. ఆదివారం నేను ప్రసంగిస్తుంటే, పాస్టరు గారు బుగ్గన పాన్ పెట్టుకున్నారని వెనక బెంచీలో గుసగుసలు పోయారట.

-

కొత్తకుంట,
నవంబరు 27

అయ్యగారి పాదాలకు పెంటవ్వ దండాలు.

మీరు చెప్పినట్టే చేశాను. ఉతికిన చీర కట్టుకొని, అదే చోట నిలబడి, దుమ్ము పట్టుకోకుండా రెండు చేతులు పైకెత్తి, ఊరంతా వినేలా దీవించాను. "నా కోడిని తీస్కపోయినోడు సల్లగుండాలె! వాడు నిండు నూరేండ్లు బత్కాలె! వాని పిల్లజెల్ల పచ్చగుండాలె! దేవుడా, వాని ఇల్లు నువ్వే సూస్కో! వాణ్ని నీకే ఇడిసిపెడుతున్న!"

నేను తిట్టినప్పుడు జనం అరుగుల మీద కూర్చొని వింటారు. ఈసారి ఒక్కరూ కూర్చోలేదు. రాధాబాయి పిల్లలను లోపలికి లాక్కొని తలుపు వేసుకుంది. సిరాజ్ చాయ పోస్తూ పోస్తూ సాసరంతా నింపాడు.

తెల్లవారి లేచి చూద్దును కదా, నా గడప ముందు సంత! వెంకటి పంతులు గొడుగు, ఒక సైకిల్ గంట, చెరకు నరికే కత్తులు, ఎవరిదో రోకలి, సగం అరిగిన సబ్బుబిళ్ల, రెండు కోళ్లు. రెండూ నావి కావు. సొంతదారులకు కూడా పోయినట్టు తెలియని వస్తువులు ఉన్నాయి అందులో. దీవెనకు ఇంత బలం ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

నా నల్లకోడి మాత్రం రాలేదు.

ఇట్లు,
పెంటవ్వ

తా.క.: బాలన్న గారు నన్ను చూస్తే సందు మార్చుకొని పోతున్నారు. అన్నం కూడా సయించడం లేదట. మీరొక మాట అడిగి చూడండి.

-

నిజామాబాదు,
డిసెంబరు 1

ప్రియ సహోదరి పెంటవ్వ గారికి సంతోషంతో వందనములు.

మీ ఉత్తరం ఇక్కడి గుడిలో అందరికీ చదివి వినిపించాను. సబ్బుబిళ్ల దగ్గర ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒక్క దీవెనతో ఊరు ఊరంతా పశ్చాత్తాపపడిందంటే మాటలా! హైదరాబాదులో ఉన్న మా పెద్దలకు కూడా రాశాను.

ఈ ఆదివారం హార్మోనియంతో సహా వస్తున్నాను. సిరాజ్ హోటల్ ముందు బహిరంగ సభ పెడదాం. చివరన ఊరందరినీ నేనే స్వయంగా దీవిస్తాను. అందరినీ రమ్మని చెప్పండి.

ప్రభువు సేవలో,
దైవసహాయం

తా.క.: పళ్ల డాక్టరు ఎజాజ్ సాబ్ చూసి పన్ను పీకాలన్నారు. మీ ఊళ్లో భోంచేస్తూ ఎముక కొరికినప్పుడు చిట్లి ఉంటుందని ఆయన అనుమానం. విశ్వాసంతోనే తగ్గించుకుంటానని చెప్పి వచ్చేశాను. విశ్వాసం ఉంది, నొప్పి కూడా ఉంది.

-

కొత్తకుంట,
డిసెంబరు 8

అయ్యగారికి పెంటవ్వ తలవంచి వ్రాయునది.

నిన్న కాక మొన్న మీరు నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా బస్సెక్కారు. మీ కోపం న్యాయమే. పాట అయ్యేదాకా జనం బాగానే కూర్చున్నారు. మీరు లేచి, ఊరందరి మీదికి రెండు చేతులూ ఎత్తి "దేవుడు మిమ్మును" అనేసరికి అట్లా లేచి పరుగెత్తుతారని నేనూ అనుకోలేదు. సిరాజ్ పొయ్యి మీద పాలు వదిలేసి తలుపు మూసుకున్నాడు. చెరకు బండ్ల వాళ్లు బండ్లను తోటల్లోకి తోలారు. రాధాబాయి మీ కాళ్ల మీద పడి, "అయ్యా, మమ్ములనెందుకు దీవిస్తున్నవు? మేమేం దొంగతనం జేసినం?" అని ఏడిస్తే మీ మొహం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

సంగతి నాకు కూడా ఆ తర్వాతే అర్థమైంది. నా తిట్టుకు ఊళ్లో ఒక లెక్క ఉందట. తిడితే దవడ వాస్తుంది, కడుపు నొస్తుంది, ఒకటి రెండు వారాలకు నయమవుతుంది. అదే దీవించానంటే, ఇక నాతో కాక దొంగను నేరుగా దేవుడి చేతిలో పెట్టేశానని వాళ్ల నమ్మకం. నా చేతిలోంచైతే తప్పించుకోవచ్చు. ఆయన చేతిలోంచి ఎక్కడికి పోతారు? వస్తువులు తెచ్చి పడేసింది పశ్చాత్తాపంతో కాదు అయ్యగారూ, హడలిపోయి. మొన్న కొత్త కోడలు ఎదురైతే అలవాటుగా "సల్లగుండు బిడ్డా" అన్నాను. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. సిరాజ్ నాకు చాయ పోసి చేతులు జోడించాడు. "కావాల్నంటె నాలుగు తిట్లు తిట్టు, పెంటవ్వా. గని దీవించకు."

నన్ను నేను అడిగి చూసుకున్నాను. వాళ్ల భయంలో తప్పు లేదు. తిట్టినప్పుడు నా కోపం దుమ్ముతో పాటే గాలిలో పోయేది. ఇంటికి వచ్చి హాయిగా పని చేసుకునేదాన్ని. దీవించిన రోజు పళ్లు బిగబట్టి దీవించాను. నోరు సల్లగుండమంది, కడుపులో మాత్రం వాణ్ని దేవుడు పట్టుకొని చితకబాదాలనే ఉంది. ఆ కోపం ఇంకా లోపలే ఉంది. తిట్టినందుకు మీరు నన్ను బల్లకు దూరం పెట్టారు. దీవించినందుకు ఇప్పుడు నేనే దూరంగా ఉంటాను. క్రిస్మస్ నాడు గుడి వాకిట్లో నిలబడి పాట మాత్రం పాడతాను. ఆశన్నకు నేనే చెప్పుకుంటాను.

ఇట్లు,
పెంటవ్వ

తా.క.: మీ పన్ను ఎట్లుంది? మీ కోసం ప్రార్థన చేస్తున్నాను. దీవించడం లేదు, భయపడకండి.

-

నిజామాబాదు,
డిసెంబరు 15

నా తల్లివంటి పెంటవ్వ గారికి దైవసహాయం చేతులు జోడించి వ్రాయునది.

పన్ను ఊడింది. ఇంకొక సంగతి కూడా బయటపడింది.

నిన్న బాలన్న గారు వచ్చి, నా ముందు కూలబడి ఏడ్చారు. నేను మీ ఊరు వచ్చిన ఆదివారం ఆయనింట కోడి లేదట. పాస్టరు వస్తే కోడి కొయ్యకపోవడం సంఘపెద్దకు ఎంత నామర్దానో మీకు తెలుసు. చీకటి పడే వేళ పెరట్లోకి ఒక నల్లకోడి వచ్చింది. ఇప్పటికి కోసేద్దాం, ఎవరిదో తర్వాత అడిగి డబ్బులిచ్చేద్దాం అనుకున్నారట. బోధన్ అంగడిలో కొన్నానని నాకు చెప్పారు. తెల్లవారి మీరు దుమ్మెత్తుకొని నిలబడేసరికి ఆయన గుండె జారిపోయింది. మీ నోరు మూయించకపోతే ప్రాణం దక్కదని నా దగ్గరికి పరుగెత్తి వచ్చారు. నేను నిజమేననుకొని మూయించాను.

పెంటవ్వ గారూ, మీ కోడిని తిన్నది నేను. మెంతికూర వేసి వండారు. బాగుందని అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నాను. కాలు ఎముక కొరికాను. బాలన్న గారు భయంతో ముక్క కూడా ముట్టుకోలేదట. మీ తిట్టు ఎవరికి చేరాలో వారికే చేరింది. మీ దీవెన కూడా నా చిరునామాకే వచ్చింది, వచ్చిన వారంలో దవడ రెండింతలైంది.

శపించడం తప్పే. ఆ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. కానీ కోడి పోయిందని ఒక మనిషి ఏడుస్తుంటే, నేను ఆమె నాలుక గురించి రాశాను. కోడి గురించి ఒక్క ముక్క అడగలేదు. తల్లి లేని ఆ పిల్లల గురించి మీరు అడిగితే జవాబే రాయలేదు. లోపలి కోపం సంగతి విచారించకుండా పై మాటలు మార్చమన్నాను, మీరు మార్చారు, ఊరు జడుసుకుంది. తప్పు నాది. క్రిస్మస్ నాడు మొదట అందరి ముందు మీ దగ్గర క్షమాపణ అడిగి, ఆ తర్వాతే రొట్టె విరుస్తాను. మీరు వాకిట్లో నిలబడితే బల్లను వాకిట్లోకి తెస్తాను. ఎడమ పక్కన చోటు వదలండి.

రేపటి బస్సులో బాలన్న గారు ఈ ఉత్తరం పట్టుకొని, ఒక నల్లకోడిని గంపలో పెట్టుకొని వస్తున్నారు. ఈసారి నిజంగానే కొన్నది. నేను పక్కనే ఉండి కొనిపించాను. అయినా ఆయన బెరుకు పోలేదు. ఏం భయమని అడిగితే, "అవ్వ దీవిస్తదేమో, అయ్యగారూ" అన్నారు. పాపం, నాలుగు తిట్లు తిట్టి, చాయ పోసి పంపండి. ఈ ఒక్కసారికి నేను విననట్టే ఉంటాను.

మీ క్షమాపణ కోరే,
దైవసహాయం

తా.క.: ఎజాజ్ సాబ్ పట్టకారు పెట్టి లాగినప్పుడు నా నోటి నుండి ఒక మాట వచ్చింది. మీ మొదటి ఉత్తరంలోదే. "నీ పండ్లూసిపోను!" అని ఆస్పత్రి దద్దరిల్లేలా అరిచాను. ఆయన ఏమీ అనుకోలేదు. పన్నును పళ్లెంలో వేసి, "ముందుగాల మీదే ఊసింది, సూడుండ్రి అయ్యగారూ" అన్నారు. ఆ మాట అనేశాక నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో మీకు రాయాలనే ఉంది. పాస్టరును కనుక రాయలేకపోతున్నాను.