పాలపంటిలో ఏటి నీళ్లు

అమ్మమ్మా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

మ్యూజియంలో ఉన్న, మన పూర్వీకులవని మనం నమ్మే ఆ పాతకాలపు తల్లీబిడ్డల ఎముకలకు తోడుండమని మీరంతా నన్ను పంపారు కదా. నిన్న ఇంగ్రిడ్ డాక్టరమ్మ ఆ బిడ్డ పంటిని సన్నటి మరతో గీసింది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. "పాలపళ్లు తల్లి కడుపులోనే గట్టిపడటం మొదలవుతాయి డెల్ఫీన్. తల్లి ఏ నీళ్లు తాగిందో ఈ పొడిలో మిగిలిన ఐసోటోపులనే నీటి గుర్తులు చెప్పేస్తాయి. అవి మీ ఏటి నీళ్లే అని తేలితే ఇద్దర్నీ మీకే అప్పగిస్తారు" అంది. నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది.

అవును అమ్మమ్మా, నాకు నాలుగో నెల. ఇక్కడికి వచ్చాకే తెలిసింది. కడుపుతో ఉన్నవాళ్లు చనిపోయినవాళ్ల దగ్గరికి పోకూడదని నువ్వు చెప్పిన మాట మరిచిపోలేదు. కానీ ఆ ఇద్దర్నీ పరాయి చోట వదిలి రావడానికి కాళ్లు రాలేదు. వాళ్ల గాలి సోకకుండా రోజూ ముఖానికి ఎర్రమన్ను రాసుకుంటున్నా భయం తగ్గడం లేదు. లోపల బిడ్డ ఇంకా కదలడం లేదు.

ఫోను చేస్తే వెర్నా పెద్దమ్మ స్పీకరు పెట్టి ఊరందరికీ వినిపిస్తుంది, అందుకే ఈ కార్డు. దేవదారు కొమ్మలు తెచ్చి ఆ దోషం పోయేలా నువ్వే నన్ను తుడవాలి. వచ్చాక తిట్టు గానీ, ముందు రా. తండ్రి కాబోతున్నాడని క్లిఫర్డ్‌కు అప్పుడే చెప్పకు. పొగబెట్టిన చేపలు ఆరాయా? కుక్కల్ని ఆ చేపల గదిలోకి పోనివ్వకు. తాతయ్యకు నా ముద్దు.

నీ డెల్ఫీన్

చోటు లేక అంచున రాస్తున్నాను. వచ్చినప్పటి నుంచీ ఈ పట్నం కుళాయి నీళ్లే తాగుతున్నాను. మన ఏటి నీళ్లు డబ్బా నిండా పట్టుకురా. ఎప్పుడో ఎవరో నా బిడ్డ పన్ను గీస్తే, మనది కాదని చెప్పకూడదు.