బాపు పులి కథ

చెన్నూరు, 1961. ఆదివారం రాత్రి.

పక్షవాతంతో మాట పడిపోయిన బాపును ఇవాళ డేరా సినిమాకు తీసుకెళ్లాం. అందులో ఒక ముసలాయన చెప్పిన కథలన్నీ పక్షులై, ఆయన పోయాక ఊరూరా ఎగిరాయి. బాపు కన్నార్పకుండా చూశాడు. బాపు చెప్పిన కథల్లో ఒక్కటైనా నాకు పూర్తిగా రాదే అని అక్కడే భయం పట్టుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఎడ్లబండిలో అవ్వ, మా అమ్మ, ఉన్నట్టుండి నోరు విప్పింది. బాపు కథలన్నీ అబద్ధాలని జన్మంతా తిట్టిన మనిషి!

"మీ బాపు గోదారి దాటుతుంటే పులి ఎదురొచ్చింది బిడ్డా..."

బాపు ఆమె చెయ్యి తట్టి రెండు వేళ్లు చూపించాడు.

"రెండు పులులా? మొన్నటిదాక ఒక్కటే అంటివి గద!"

బాపు కాసేపు ఆలోచించి మూడో వేలు కూడా లేపాడు.

అవ్వకు నవ్వు ఆగలేదు. "మంచిది, మూడే" అని కథను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.