రెండుసార్లు చచ్చిన రాజు

31 ఆగస్టు 1957, సుంగై సుమున్

గెలిచాం! మలయాకి స్వాతంత్ర్యం వచ్చిన ఈ మెర్డేకా పండగనాడు మా రబ్బరు తోట నాటకం పరువు దక్కింది. చీకటి పడితే కర్ఫ్యూ కదా, మధ్యాహ్నమే ఆడాం.

రాజు వేషం వేయాల్సిన అప్పలస్వామికి పొద్దున్నే చలిజ్వరం పట్టుకుంది. రిహార్సళ్లన్నిటికీ వచ్చి, పద్యాలు చెవితోనే పట్టేసిన వేల్స్ సిపాయి ఎవాన్ నెత్తిన కిరీటం పెట్టాను. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు తిరుగుబాటుదారులకి బియ్యం చేరుతోందేమోనని రోజూ గేటు దగ్గర మా కూలీల క్యారియర్లు విప్పించేది ఇతనే. జనం రాళ్లు విసురుతారేమోనని తెర చాటునే కాపు కాశాను.

చివరి పద్యం పాడి రాజు నేలకొరిగాడు. "వన్స్ మోర్!" అంటూ పందిరంతా హోరెత్తింది. పాపం ఎవాన్‌కి మన ఆనవాయితీ తెలియదు. కదలకుండా పడున్నాడు.

"లే! మళ్లీ పాడి, మళ్లీ చావు!" అని తెర చాటునుంచి ఇంగ్లీషులో చెప్పాను.

"నేను చచ్చిపోయాను కదా!" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

లేచాడు. రెండోసారి ఇంకా బాగా చచ్చాడు!

పోయినవారం ఇతను అన్నం కెలికేశాడని ఏడ్చిన సోములమ్మే క్యారియర్ తెచ్చి ముందు పెట్టింది. "రేపు గేటు కాడ ఎతుకుదువు గానీ, ఇప్పుడు తిను లా, బాబూ," అంది, మాట చివర ఇక్కడి మలయావాళ్ల 'లా' తగిలించి.

వచ్చే నెల ఎవాన్ వాళ్ల ఊరెళ్లి టెలివిజన్‌లో నటిస్తాడట. అదేదో బొమ్మలు కనబడే రేడియోలాంటిదట. ఎవరింట్లో వాళ్లు కూర్చుని చూస్తారట. అందులో ఇతనెంత గొప్పగా చచ్చినా, మరి లేపేదెవరు?